ఎవరి చేతి సొమ్ము: బ్రిటన్‌లో అంధులకు స్థానిక ప్రభుత్వాల సాయం

1774లో విలియం హెదరింగ్టన్ అనే మతాచార్యుడు లండన్‌లోని క్రైస్ట్స్ హాస్పిటల్ సంస్థకు పెద్ద మూలధనం అప్పగించాడు. దాని మీద వచ్చే ఆదాయంతో చూపులేని వృద్ధులకు ఏటా తలా పది పౌండ్లు ఇవ్వాలన్నాడు. ఆ రోజుల్లో పొదుపుగా గడుపుకునే మనిషికి అది చిన్న మొత్తం కాదు. అయితే దానికొక నియమం పెట్టాడు. అడుక్కున్నవారికీ, పారిష్ నుంచి సాయం పుచ్చుకున్నవారికీ ఈ పింఛను రాదు. పేదరికాన్ని తట్టుకోలేక ఊరి ఖజానా గడప తొక్కితే ధర్మనిధి తలుపు మూసుకుపోతుందన్నమాట. ధర్మనిధులు నడిపినవారెవరికీ ఇది వింతగా తోచలేదు. పన్నుల సొమ్ము తిన్నవాడు ఒక జాతి, పెద్దమనుషుల దయకు నోచుకున్నవాడు మరో జాతి అన్న విభజన ఇంగ్లండ్‌లో అప్పటికే బాగా వేళ్లూనుకుంది. అంధులకు ప్రభుత్వ సాయం అనే కథలో తర్వాతి రెండు వందల ఏళ్లూ ఈ విభజన నీడలోనే నడిచాయి.

ఆ ఊరి ఖజానాకు పునాది 1601 నాటి పేదల చట్టం. ఒక చర్చి పరిధిలోని గ్రామాన్నో పేటనో పారిష్ అంటారు. ప్రతి పారిష్‌లో పేదల పర్యవేక్షకులు ఉండాలనీ, ఇళ్లూ భూములూ అనుభవిస్తున్నవారి మీద వారు పన్ను వేసి ఆ సొమ్ముతో నిరుపేదలను ఆదుకోవాలనీ చట్టం చెప్పింది. పని చేయలేని కుంటివారు, అశక్తులు, ముసలివారు అంటూ సాగే జాబితాలో అంధులను పేరుపెట్టి చేర్చింది. ఐరోపాలో అంధుల పోషణ చాలాచోట్ల మఠాలకో దాతలకో వదిలేసిన కాలంలో, ఇంగ్లండ్‌లో అది స్థానిక పన్ను చెల్లింపుదారుల మీద చట్టరీత్యా పడిన బాధ్యత అయింది. ఎంత ఇవ్వాలో మాత్రం చట్టం చెప్పలేదు. వారానికి ఒక షిల్లింగా, రెండా, రొట్టె బొగ్గులా, ఇంటద్దా అన్నది పర్యవేక్షకుడి ఇష్టం. అంతకుముందు తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు పోషించగలరేమో చూడాలి. వారు పోషించగలిగితే పారిష్‌కు బాధ్యత లేదు.

1662 చట్టంతో మరో మెలిక పడింది. సాయం సొంత పారిష్‌లోనే దొరుకుతుంది, పరాయి పారిష్‌కు భారమవుతాడనిపించినవాడిని వెనక్కి పంపవచ్చు. 1697 నుంచి సాయం పొందేవారు కుడి భుజం మీద గుడ్డతో కుట్టిన అక్షరాల బిళ్ల ధరించాలన్నారు. ఆ నిబంధన అంతటా ఒకేలా అమలు కాలేదు గాని, చట్టపుస్తకంలో 1810 దాకా నిలిచింది.

1834లో పేదల చట్టాన్ని తిరగరాశారు. పారిష్‌లను యూనియన్లుగా కలిపి, వాటిపైన ఎన్నికైన గార్డియన్ల బోర్డులను పెట్టారు. ఒళ్లు బాగున్నవాడికి ఇంటి దగ్గర డబ్బివ్వకూడదు, కావాలంటే వర్క్‌హౌస్ అనే పేదల పనిగృహంలో చేరాలన్నది కొత్త సిద్ధాంతం. అంధులను ఆ కఠిన నియమంలోకి పూర్తిగా లాగలేదు. అశక్తుల కిందికి వచ్చే అంధుడికి ఇంటి దగ్గరే వారానికి కొంత ఇచ్చే వీలు మిగిలింది. పదహారేళ్లలోపు బిడ్డకిచ్చే సాయాన్ని తండ్రికిచ్చినట్టే లెక్కకట్టిన చట్టం, ఆ బిడ్డ అంధుడైతే అలా లెక్కకట్టవద్దంది. అంధబిడ్డ కోసం సాయం పుచ్చుకున్న తండ్రి బిచ్చగాడి జాబితాలో పడడు. ఆ బిడ్డే పెద్దవాడై తనకోసం తాను అడిగితే మాత్రం పడతాడు. 1867లో వచ్చిన సవరణ, అంధులైన పెద్దలను ఏదైనా సంస్థలో చేర్పించి ఖర్చు భరించే అధికారం గార్డియన్లకు ఇచ్చింది. అది అధికారమే గాని విధి కాదు. స్థానిక పన్ను పెరిగితే ఓటర్లు ఊరుకోరని గార్డియన్లకు తెలుసు.

పారిష్ సొమ్ము తీసుకున్నందుకు మూల్యం డబ్బులో ఉండదు. 1832 సంస్కరణ చట్టం నుంచి, గడచిన ఏడాదిలో పారిష్ సాయం పొందినవాడికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ఈ అనర్హత 1918 దాకా కొనసాగింది. వర్క్‌హౌస్ కన్నా ఓటుహక్కు పోవడమే ఎక్కువ నొప్పించిందని చెప్పలేం గాని, చదువుకున్న అంధ కార్మికుల నోట ఈ మాట పదేపదే వినిపించడం సహజమే. కళ్లు పోయినంత మాత్రాన పౌరసత్వం ఎందుకు పోవాలి?

చదువుకున్న అంధులు అనే వర్గం పుట్టడానికి కారణం మళ్లీ ప్రభుత్వమే. అంధుల పరిస్థితి మీద లార్డ్ ఎజెర్టన్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1889లో నివేదిక ఇచ్చింది. 1893లో చట్టం వచ్చి, అంధ బాలబాలికలను పదహారేళ్ల దాకా చదివించే బాధ్యతను స్థానిక విద్యాధికారుల మీద పెట్టింది. ఫలితం విచిత్రంగా ఉంది. పిల్లవాడికి పన్నుల సొమ్ముతో బ్రెయిలీ నేర్పి, బుట్టలల్లడమో పియానో శ్రుతి చేయడమో నేర్పి, పదహారో ఏట వీధిలో వదిలేస్తారు. తర్వాత అతనికి ఉన్న దారులు మూడే. ఒకటి ధర్మసంస్థలు నడిపే పనిశాలలు. అక్కడ బుట్టలు, చాపలు, బ్రష్‌లు చేస్తే వచ్చే కూలి పొట్టకు చాలదు. రెండు, ధర్మనిధుల పింఛన్లు. 1879లో చనిపోయిన హెన్రీ గార్డ్‌నర్ వీలునామా ద్వారా అంధుల కోసం మూడు లక్షల పౌండ్లు వచ్చినా, చేయి చాచినవారందరికీ అవి ఏ మూలకూ సరిపోలేదు. మూడోది గార్డియన్ల గడప.

ఈ పేదల చట్టాన్ని ఆంగ్లేయులు తమ ఏలుబడిలోని తెలుగు జిల్లాలకు తేలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం. మద్రాసు ప్రెసిడెన్సీలో పేదల పన్నూ లేదు, పారిష్ సాయమూ లేదు. 1880 కరువు కమిషన్ తర్వాత రూపొందిన కరువు నియమావళుల్లో మాత్రమే, పని చేయలేని అంధులకూ వికలాంగులకూ వృద్ధులకూ ఉచిత సాయం అన్న మాట కనిపిస్తుంది. అంటే బళ్లారిలోనో కర్నూలులోనో చూపులేని మనిషికి సర్కారు గుర్తింపు రావాలంటే ముందు వానలు పడకపోవాలి, జిల్లాను కరువు ప్రాంతంగా ప్రకటించాలి. మామూలు ఏడాదుల్లో అతను కుటుంబం పాలు, సత్రం పాలు, గుడిమెట్ల పాలు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 41వ అధికరణంలో అశక్తతకు ప్రభుత్వ సాయం ప్రస్తావన వచ్చినా, వికలాంగుల సాయాన్ని రాష్ట్రాల జాబితాలో చేర్చారు. వికలాంగుల సంక్షేమం పంచాయతీల పదకొండో షెడ్యూలుకెక్కింది 1992 సవరణతోనే. ఇంగ్లండ్‌లో ఊరి నుంచి రాజధానికి నడిచిన బాధ్యత, ఇక్కడ రాజధాని నుంచి ఊరికి దిగవలసి వచ్చింది.

మళ్లీ ఇంగ్లండ్‌కు వస్తే, 1899లో నేషనల్ లీగ్ ఆఫ్ ది బ్లైండ్ ట్రేడ్ యూనియన్‌గా నమోదైంది. 1902లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌లో చేరింది. అంధుల కోసం నడిచే సంఘాలు దేశంలో చాలా ఉన్నాయి, వాటి పాలకవర్గాల్లో ప్రభువులూ బిషప్పులూ ఉన్నారు. అంధులే సభ్యులుగా, అంధులే నాయకులుగా ఉన్న సంఘం కావడం లీగ్ ప్రత్యేకత. దాని ప్రధాన కార్యదర్శి బెన్ పర్స్ స్వయంగా అంధుడు. వారి సభ్యుల్లో ఎక్కువమంది ధర్మసంస్థల పనిశాలల్లో కూలీలు. యజమాని ఎవరంటే దాత. కూలి పెంచమని సమ్మె చేస్తే కృతఘ్నులంటారు. ఈ చిక్కుముడి నుంచి పుట్టిందే లీగ్ కోరిక: అంధుల పోషణను, ఉపాధిని ప్రభుత్వమే నేరుగా చేపట్టాలి, ధర్మసంస్థలు పక్కకు తప్పుకోవాలి.

1908లో వృద్ధాప్య పింఛను వచ్చింది. డెబ్బై ఏళ్లు నిండినవారికి వారానికి అయిదు షిల్లింగులు, అదీ పోస్టాఫీసులో. పేదల చట్టం మచ్చ లేని మొదటి ప్రభుత్వ సొమ్ము ఇది. అయినా పారిష్ సాయం పొందుతున్నవారికి 1910 చివరి దాకా దీన్ని నిరాకరించారంటే పాత విభజన ఎంత గట్టిదో తెలుస్తుంది. అంధుడికి డెబ్బై ఏళ్ల దాకా ఆగమనడంలో అర్థం లేదని లీగ్ వాదించింది. చూపుతో పని చేసే మనిషికి అరవై డెబ్బైల్లో వచ్చే అశక్తత, అంధ కార్మికుడికి యాభైలోపే ఎదురవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వాదనకు కొత్త బలం తెచ్చింది, కొత్త ఇబ్బందీ తెచ్చింది. చూపు పోగొట్టుకున్న పత్రికాధిపతి ఆర్థర్ పియర్సన్ 1915లో సెయింట్ డన్‌స్టన్స్‌ను స్థాపించి, యుద్ధంలో కళ్లు పోయిన సైనికులకు శిక్షణ ఇచ్చాడు. జనం చందాలు కురిపించారు. సైనికుడికి యుద్ధ పింఛను ఉంది, శిక్షణ ఉంది, గౌరవం ఉంది. గనిలో పేలుడుకో పసితనపు కంటిజబ్బుకో చూపు పోయినవాడికి గార్డియన్ల బోర్డు ఉంది. 1914లో నియమించిన ప్రభుత్వ కమిటీ 1917లో నివేదిక ఇచ్చి, అంధుల సంక్షేమాన్ని ప్రభుత్వం పట్టించుకోవాలని సిఫార్సు చేసింది. 1919లో ఏర్పడిన ఆరోగ్య మంత్రిత్వ శాఖ చేతికి ఆ ఫైలు వచ్చింది.

1920 వసంతంలో కార్మిక నాయకుడు, ఎంపీ బెన్ టిల్లెట్ అంధుల విద్య, ఉపాధి, పోషణకు సంబంధించిన బిల్లును కామన్స్ సభలో ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం మెల్లగా కదులుతుండటంతో లీగ్ పాదయాత్రకు పిలుపిచ్చింది. ఏప్రిల్ 5న మూడు బృందాలు లండన్‌కు బయలుదేరాయి. ఒకటి వేల్స్‌లోని న్యూపోర్ట్ నుంచి, ఒకటి మాంచెస్టర్ నుంచి, ఒకటి లీడ్స్ నుంచి. నడిచినవారి సంఖ్య పెద్దదేమీ కాదు. కాని దారిపొడవునా ట్రేడ్ యూనియన్లు, సహకార సంఘాలు భోజనం పెట్టి పడుకోవడానికి చోటిచ్చాయి. ఏప్రిల్ 25న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వేలమంది వారికి స్వాగతం పలికారు. జెండా మీద ఉన్న నినాదం: దానం కాదు, న్యాయం. అయిదు రోజుల తర్వాత ప్రధాని లాయిడ్ జార్జ్ వారి ప్రతినిధులను కలిశాడు. సానుభూతి దండిగానే దొరికింది, కచ్చితమైన హామీ దొరకలేదు. నిరుద్యోగుల ఊరేగింపులు 1930ల బ్రిటన్‌కు గుర్తుగా నిలిచిపోయాయి గాని, ఊరి నుంచి రాజధానికి నడిచే ఆ పద్ధతికి దారి వేసినవారిలో చూపులేని బుట్టలల్లేవారు ఉన్నారన్నది చాలా చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

ఆరోగ్య మంత్రి క్రిస్టఫర్ అడిసన్ హయాంలో, అదే ఏడు ఆగస్టులో అంధుల చట్టం ఆమోదం పొందింది. చాలా చిన్న చట్టం. వృద్ధాప్య పింఛను వయసును అంధులకు డెబ్బై నుంచి యాభైకి దించింది. అప్పటికి ఆ పింఛను వారానికి పది షిల్లింగులకు పెరిగింది. చూపు అవసరమైన ఏ పనీ చేయలేనంతగా చూపు లేనివాడే దీనికి అర్హుడు. ఈ నిర్వచనం తెలివైనది. మనిషి తన వృత్తి చేయగలడా లేదా అని అడగదు. పియానోలు శ్రుతి చేసి సంపాదించే అంధుడూ చట్టం దృష్టిలో అంధుడే. ఆ తర్వాత దశాబ్దాల్లో కంటివైద్యులు దీన్ని మూడు మీటర్ల దూరంలో కూడా పెద్ద అక్షరం గుర్తించలేని స్థాయి అనే కొలతకు దగ్గరగా అన్వయించారు.

రెండో సెక్షన్‌లో అసలు సంగతి ఉంది. తమ ప్రాంతంలో నివసించే అంధుల సంక్షేమానికి ఏర్పాట్లు చేయడం ప్రతి కౌంటీ కౌన్సిల్, కౌంటీ బరో కౌన్సిల్ విధి అని చట్టం చెప్పింది. పనిశాలలు, హాస్టళ్లు, గృహాలు స్వయంగా నడపవచ్చు, లేదా నడిపేవారికి విరాళమివ్వవచ్చు. ఏడాదిలోగా ఒక పథకం తయారుచేసి మంత్రికి పంపాలి. పారిష్‌కూ గార్డియన్లకూ సంబంధం లేకుండా, ఎన్నికైన కౌన్సిల్ మీద అంధుల సంక్షేమ బాధ్యత పెట్టడం ఇదే మొదలు. లీగ్ కోరినది మాత్రం ఇది కాదు. వాళ్లు ధర్మసంస్థలను తప్పించమన్నారు, చట్టం ధర్మసంస్థలను కౌన్సిళ్లకు గుత్తేదారులుగా నిలబెట్టింది. చాలా కౌన్సిళ్లు పథకం రాసి, దాన్ని స్థానిక అంధుల సంఘానికే అప్పగించి, ఏటా కొంత గ్రాంటు ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. మూడో సెక్షన్ అంధుల పేరిట చందాలు వసూలు చేసే సంస్థలు నమోదు చేసుకోవాలంది. అదొక్కటే దాతల మీద పడిన కళ్లెం. కాలక్రమంలో బెన్ పర్సే లీగ్‌ను వదిలి, ధర్మసంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది బ్లైండ్‌లోకి వెళ్లాడు. పాత సహచరులు దాన్ని క్షమించలేదు.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. చేతికి డబ్బు ఇవ్వాలన్న మాట ఎక్కడా లేదు. యాభై నిండినవాడికి కేంద్రం పది షిల్లింగులు ఇస్తుంది. పదహారు నుంచి యాభై దాకా? పని చేయలేనివాడు ఎలా బతకాలి? కొన్ని కౌన్సిళ్లు సంక్షేమం అనే మాటను విశాలంగా అర్థం చేసుకున్నాయి. వారానికి ఇంత కనీసాదాయం ఉండాలని నిర్ణయించి, అంధుడి ఆదాయం దానికి ఎంత తక్కువైతే అంత ఇంటికే పంపాయి. మరికొన్ని గార్డియన్ల దగ్గరికి పొమ్మన్నాయి. ఒక ఊళ్లో పట్టణ కౌన్సిల్ ఇంటికొచ్చి ఇచ్చే సాయం, పొరుగూళ్లో గార్డియన్ల ముందు నిలబడి పుచ్చుకునే భిక్ష. ఉదారంగా ఇచ్చే చోటికి జనం వలస వస్తారన్న భయంతో కొన్నిచోట్ల ఇన్నేళ్లు నివాసముండాలన్న షరతులు పెట్టారు. 1662 నాటి భయమే ఇది, కౌన్సిల్ తీర్మానం రూపంలో.

పనిశాలల్లో మరో రకం చెల్లింపు పుట్టింది. ముక్కకు ఇంత అని వచ్చే కూలి చాలదు కాబట్టి, దాని మీద కౌన్సిల్ కొంత కలిపి ఇచ్చేది. దీన్ని కూలి అనాలా, సాయమనాలా? లీగ్ దీన్ని జీవించడానికి చాలే వేతనంగా మార్చాలని పట్టుబట్టింది. కౌన్సిళ్లు దీన్ని తమ దయగా రాసుకున్నాయి. డబ్బు ఒకటే, పద్దు పేరు వేరు. కౌన్సిళ్ల తరఫున ఇళ్లకు వెళ్లి బ్రెయిలీ, చేతిపని నేర్పే గృహోపాధ్యాయినులు ఈ కాలంలో అంధుల జీవితాల్లో అతి ముఖ్యమైన మనుషులయ్యారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కార్యాలయానికి చెప్పేదీ వాళ్లే, ఎవరికి సాయం తగ్గించవచ్చో చెప్పేదీ వాళ్లే. నేర్పే పని, తనిఖీ చేసే పని ఒకే సంచిలో మోసిన ఆ స్త్రీల గురించి ఇంకా తగినంత రాయలేదు.

1929 స్థానిక ప్రభుత్వ చట్టం గార్డియన్ల బోర్డులను రద్దు చేసి, 1930 ఏప్రిల్ నుంచి వారి పనిని కౌంటీ, కౌంటీ బరో కౌన్సిళ్లకు అప్పగించింది. అంధులకిచ్చే సాయమంతా పేదల చట్టం కింద కాక అంధుల చట్టం కిందే ఇస్తామని ప్రకటించుకునే వీలు కౌన్సిళ్లకు కల్పించింది. ఇష్టమున్నవాళ్లు ప్రకటించారు. లేనివాళ్ల దగ్గర అదే కౌన్సిల్ భవనంలో ఒక గదిలో సంక్షేమం, పక్క గదిలో పేదల చట్టం నడిచాయి. ఇంతలో మాంద్యం వచ్చింది, కుటుంబమంతటి సంపాదన లెక్కగట్టే పద్ధతి వచ్చింది. 1936లో జారో పట్టణ నిరుద్యోగులు లండన్‌కు నడిచిన అక్టోబరులోనే, లీగ్ సభ్యులు కూడా మళ్లీ నడిచారు. అప్పటికి దేశంలో అంధులుగా నమోదైనవారు 67 వేల దాకా ఉన్నారు. ఈ సంఖ్య ఏటేటా పెరగడం చూసి అంధత్వం పెరుగుతోందని కంగారుపడినవారున్నారు. నమోదు చేసుకుంటే ఏదో దొరుకుతుందని తెలిశాక జనం నమోదు చేసుకున్నారని సమాధానం చెప్పుకోవచ్చు.

1938 మార్చిలో రెండో అంధుల చట్టం వచ్చింది. పింఛను వయసు యాభై నుంచి నలభైకి దిగింది. దానికన్నా ముఖ్యమైనది, అవసరమున్న అంధుడికి అతని ఇంటివద్దే డబ్బు సాయం చేయడం, అతని మీద ఆధారపడినవారిని కూడా లెక్కలోకి తీసుకోవడం కౌన్సిల్ విధి అయింది. ఆ సాయం పేదల చట్టం కింద ఇవ్వరాదు. మూడు వందల ముప్పై ఏడేళ్ల తర్వాత ఇంట్లో ఉండే అంధుడు పేదల చట్టం పద్దు నుంచి బయటపడ్డాడు. వికలాంగుల్లో మరే వర్గానికీ అప్పటికి ఇది దక్కలేదు. ఎంత ఇవ్వాలో తేల్చేది మళ్లీ ఆయా కౌన్సిళ్లే. అయినా స్థానిక ప్రభుత్వం చూపులేని పెద్దలకు బతకడానికి నగదు ఇవ్వాలని నిర్బంధించిన చట్టం బ్రిటన్ చరిత్రలో ఇదొక్కటే అనవచ్చు. నా అంచనాలో లీగ్ సాధించిన అసలు విజయం 1920ది కాదు, ఇదే.

ఆ విజయం పదేళ్లు నిలిచింది. 1948 జాతీయ సాయ చట్టాన్ని ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ సభలో నడిపించాడు. పేదల చట్టం ఇకపై చెల్లదన్నది అందులో మొదటి సెక్షన్. నగదు ఇచ్చే పనంతా జాతీయ సాయ బోర్డుకు, అంటే కేంద్రానికి వెళ్లిపోయింది. దేశమంతా ఒకే రేటు: ఒంటరి మనిషికి వారానికి 24 షిల్లింగులు, ఆ మనిషి అంధుడైతే 39. ఆ పదిహేను షిల్లింగుల తేడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఉదారమైన కౌన్సిళ్లు అప్పటికే ఇస్తున్న సొమ్ము కన్నా తగ్గిస్తే గొడవవుతుందని బోర్డుకు తెలుసు.

కౌన్సిళ్లకు మిగిలింది 29వ సెక్షన్. అంధులకు, చెవిటివారికి, వికలాంగులకు సలహా, శిక్షణ, పనిశాలలు, వినోదం, నమోదు పుస్తకం. అదే సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ఒక నిషేధం పెట్టింది. పనిశాలల్లో ఉన్నవారికిచ్చేది తప్ప, ఈ వ్యక్తులకు డబ్బు చెల్లించే అధికారం కౌన్సిల్‌కు లేదు. ఒకే పనికి రెండు ఖజానాలు ఉండకూడదన్నది దీని వెనుక ఉన్న తర్కం, అది తప్పని అనలేం. అసమానతలు పోయాయి, నివాస షరతులు పోయాయి. కాని డబ్బిచ్చేది ఎవరో తెలియని ఒక కార్యాలయం, అవసరాలు తెలిసినది ఒక కౌన్సిల్ అన్న ఎడం అప్పుడే మొదలైంది. 1970లో ఎంపీ ఆల్ఫ్ మోరిస్ తెచ్చిన చట్టం వికలాంగులెంతమంది ఉన్నారో తెలుసుకోవడం, టెలిఫోను, ఇంటి మార్పులు వంటివి సమకూర్చడం కౌన్సిళ్ల విధిగా చేసింది. అన్నీ వస్తురూపంలోనే.

ఇంటి పనికి, బజారుకు, ఉత్తరాలు చదవడానికి సాయం కావలసిన మనిషి, కౌన్సిల్ పంపిన సహాయకురాలు వచ్చిన వేళకే ఆ పనులన్నీ పెట్టుకోవాలి. ఆ డబ్బు నాకే ఇస్తే నాకు నచ్చిన మనిషిని నేనే పెట్టుకుంటాను కదా అని 1980లలో వికలాంగుల ఉద్యమం అడిగింది. నిషేధం అడ్డం రావడంతో, హాంప్‌షైర్ వంటి కొన్నిచోట్ల డబ్బును ఒక సంస్థకు ఇచ్చి దాని ద్వారా మనిషికి చేర్చే దొంగదారి కనిపెట్టారు. 1996లో నేరు చెల్లింపుల చట్టం వచ్చి, 1997 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు నగదు ఇవ్వడానికి మళ్లీ అనుమతి పొందాయి. ఇది బతకడానికిచ్చే సొమ్ము కాదు, సేవ కొనుక్కోవడానికిచ్చేది. పైసాపైసా లెక్క చూపాలి.

నిబంధనల్లో వయోపరిమితి కూడా పెట్టారు. 65 ఏళ్లు దాటినవారు కొత్తగా అడగడానికి వీల్లేదు. బ్రిటన్‌లో అంధులుగా నమోదైనవారిలో అత్యధికులు ఆ వయసు దాటినవారే. 2000 సంవత్సరంలో ఆ పరిమితి ఎత్తేసేదాకా కౌన్సిల్ నగదు వారికి అందలేదు.